నాయన మెచ్చిన మిషన్

పోయిన నెలలో మా వదిన నందికొట్కూరు నుంచి కడపకు వచ్చింది. ఎప్పుడూ తెచ్చే చెనిక్కాయల సంచితో పాటు, పాత దుప్పటిలో చుట్టి నాలుగు మూలలూ ముడేసిన ఇంకో మూటను బరువుగా పట్టుకుని ఆటో దిగింది. నంద్యాల మీదుగా అంత దూరం బస్సులో దాన్ని కింద పెట్టకుండా ఒళ్లోనే పెట్టుకుని వచ్చిందట. "ఏం వదినా అది, అంత భద్రంగా తెస్తాండావు?" అని అడిగాను. "విప్పి చూడు పాపా. అటక దులుపుతాంటే దొరికె. మీ అన్నేమో పాత సామాన్లాయనకు ఏసేయమన్యాడు. నాకు మనసొప్పల్యా," అంది. యాభై దాటినా పుట్టింటి వాళ్లకు నేనింకా పాపనే. ముడి విప్పితే లోపల మా నాయన కొన్న వీసీఆర్, దాని మీద ఒకే ఒక్క క్యాసెట్టు. క్యాసెట్టు అంచున నాయన చేతిరాతతో 'సువర్ణ పెండ్లి' అని ఉంది. సువర్ణ మా అక్క. ఆమె పోయి నలభై ఏళ్లు కావస్తోంది. నాకు ఏడుపు వచ్చింది. వదిన ముందర ఏడవడం ఇష్టం లేక కాఫీ పెడతానని వంటింట్లోకి పోయాను.

మొన్న ఒక మిక్సీ కొనడానికి ఫోను ముందర పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. ముక్కూ మొహం తెలియని వాళ్లు దాని గురించి ఏమన్నారో అంతా చదివాను. ఒకాయన బ్రహ్మాండమన్నాడు, ఒకామె పచ్చడి సరిగ్గా నలగడం లేదని శాపనార్థాలు పెట్టింది. ఆ రోజుల్లో మా ఊళ్లో ఈ పనికంతా మా నాయన ఒక్కడే ఉండేవాడు. ఆయనకు ఎరువుల అంగడి ఉండేది. ఏ విత్తనం మొలుస్తుంది, ఏ మందుకు పురుగు చస్తుంది అని రైతులు వచ్చి బల్ల మీద కూర్చుని అడిగేవాళ్లు. ఆయన మంచిదంటే కొనేవాళ్లు, వద్దంటే లేచిపోయేవాళ్లు. అంగడిలో సరుకు కన్నా ఆయన నోటి మాటకే విలువ ఎక్కువ. అట్లాంటి మనిషి, ఒకసారి సరుకు కోసం కర్నూలుకు పోయి, సరుకుతో పాటు ఒక వీసీఆర్ తెచ్చాడు. పేరున్న కంపెనీది కాదు. దాని పేరు అంతకు ముందు ఎవరూ వినలేదు, తర్వాత నేను యాడా చూడలేదు. మంచి కంపెనీ మిషన్ రేటులో సగానికే ఇస్తానని అంగడివాడు అంటే నాయన మురిసిపోయి కొనేశాడు.

దాన్ని దింపిన రోజు మా ఇంట్లో చేసిన హడావిడి ఇంతా అంతా కాదు. అమ్మ టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించి, మిషన్ నెత్తి మీద మూడు చోట్ల గంధం పూసి బొట్టు పెట్టింది. క్యాసెట్టు పోయే నోటికి కూడా పెట్టబోతే అక్క చెయ్యి పట్టుకుంది. "అమ్మా, కుంకుమ లోపలికి పోతే బొమ్మ రాదు!" అని అరిచింది. "పొద్దస్తమానం పని చేసే నోరు, దానికి బొట్టు పెట్టకుంటే ఎట్లమ్మే?" అని అమ్మ. ప్రతి దసరాకూ ఆయుధపూజ నాడు వీళ్లిద్దరికీ ఈ తగువు తప్పేది కాదు. అక్క గెలిచిన ఏడు బొమ్మ బాగుండేది, అమ్మ గెలిచిన ఏడు సంక్రాంతి దాకా తెర మీద మనుషులందరికీ అమ్మవారు పోసినట్టు చుక్కలు చుక్కలుగా కనిపించేది. ఆ మిషన్‌కు రిమోట్ ఉండేది గానీ, దానికి పొడుగాటి వైరు ఉండేది. మంచి మిషన్లకు వైరు ఉండదని తర్వాత తెలిసింది. అమ్మ దాన్ని చూసి దూడకు పలుపు కట్టినట్టుందని నవ్వేది.

ఆదివారం మధ్యాహ్నం మా నడింట్లో కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసేవాళ్లం. కోడికూర, సంగటి తిన్న చేతుల వాసన ఒక పక్క, మిషన్ వేడెక్కితే వచ్చే ప్లాస్టిక్ వాసన ఒక పక్క, అక్క మిషన్ లోపల తుడవడానికి వాడే స్పిరిట్ వాసన ఇంకో పక్క. ఆ మూడూ కలిసిన వాసన మళ్లీ నాకు యాడా తగల్లేదు. వీధిలో సగం మంది మా ఇంట్లోనే ఉండేవాళ్లు. చెనిక్కాయలు వేయించి చాటలో పోసి మధ్యలో పెడితే సినిమా అయ్యేసరికి నేల మీద పొట్టు తప్ప ఏమీ మిగిలేది కాదు. వాళ్లు పోయినాక ఊడ్చే పని నాది. పొట్టు ఊడుస్తూ గొణిగేదాన్ని, అక్క వచ్చి చీపురు లాక్కుని తనే ఊడ్చేసేది.

ఇంతకీ మిషన్ ఎట్లుండేది? అక్కడే మా ఇంట్లో నలుగురిదీ నాలుగు మాటలు. నాయన దృష్టిలో అంతకు మించిన మిషన్ భూమి మీద లేదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అన్నకు అది తన సొత్తు, క్యాసెట్టు పెట్టే హక్కు తనకు తప్ప ఎవరికీ లేదనేవాడు. అమ్మకు దుడ్లు దండగ. ఉన్నదున్నట్టు చెప్పేది మాత్రం అక్కే. బొమ్మ ఫరవాలేదు, పాటలు బ్రహ్మాండంగా వస్తాయి, మనుషులు మాట్లాడితే మాత్రం మాట వినపడదు. నిజం అదే. పాటో, వాయిద్యమో మోగుతున్నంత సేపూ మిషన్ బుద్ధిగా ఉండేది. అవి ఆగి ఎవరైనా మాట్లాడగానే లోపల నుంచి 'జుయ్' మని ఒక మోత మొదలై మాటలను మింగేసేది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే మనదే," అని అమ్మ తన సామెతకు తానే పడిపడి నవ్వేది. నాయన మాత్రం నవ్వేవాడు కాదు.

పక్కింటి హుసేన్ సాబ్ దర్జీ. ఆయనకూ వీసీఆర్ కొనాలని ఆశ పుట్టి ఒకరోజు పొద్దున్నే మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "అన్నా, నిజం చెప్పు. మిషన్ ఎట్లుండాది? తీసుకోమంటావా?" అని అడిగాడు. "కళ్లు మూసుకోని తీసుకో సాబూ. పేరున్నోళ్లవి దీని ముందర ఎందుకూ పనికి రావు," అన్నాడు నాయన. లోపల తలుపు చాటు నుంచి అక్క గొంతు లేచింది. "కళ్లు మూసుకోనే చూడాల మామా, చెవులు మాత్రం తెరుచుకోవద్దు. మాట ఒక్కటీ వినపడదు!" హుసేన్ సాబ్ ఒకటే నవ్వు. నాయన ముఖం కందగడ్డయింది. హుసేన్ సాబ్ పోయినాక అక్కను పిలిచి, "నా మాట మీద ఊరు విత్తనం కొంటాదమ్మా. ఒక మిషన్ కాడ నేను మోసపోయినానని తెలిస్తే రేపు నా విత్తనం ఎవుడు నమ్ముతాడు?" అన్నాడు. తిట్టలేదు, మెల్లగానే చెప్పాడు. అక్క ఆ రోజు నుంచి బయటివాళ్ల ముందర మిషన్‌ను ఒక్క మాట అనలేదు. వారానికొకసారి పైమూత విప్పి, తెల్లగుడ్డకు స్పిరిట్ అద్ది, లోపల తిరిగే గుండ్రటి హెడ్‌ను తుడిచి, మోత తగ్గిందేమోనని చెవి పెట్టి వినేది. అది తగ్గేది కాదు.

అక్క గొంతు గురించి చెప్పాలి. సన్నటి గొంతు కాదు, కొంచెం బొంగురు, ఎప్పుడూ జలుబు చేసినట్టుండేది. నాయనకు పేపరు చదివి వినిపించేది. వీధి చివర ఆడుకుంటున్న నన్ను పిలిస్తే వీధి వీధంతా పలికేది. ఇవన్నీ నేను రాయగలను. కానీ కళ్లు మూసుకుని ఆ గొంతు వినాలని కూర్చుంటే వినపడదు. ముఖం వస్తుంది, జడ వస్తుంది, మోచేతి కింద ఉన్న కాలిన మచ్చ కూడా వస్తుంది. గొంతు మాత్రం రాదు. ఎన్ని ఏళ్లుగానో ఇదే నా బాధ. అమ్మ గొంతు, నాయన గొంతు నాకు బాగా గుర్తే. వాళ్లు పెద్దవాళ్లయి, వినీ వినీ విసిగేంత కాలం మాట్లాడి పోయారు. అక్క అట్లా పోలేదు.

అక్క పెండ్లికి నాయన కర్నూలు నుంచి వీడియో ఆయనను పిలిపించాడు. మా వీధిలో అదే మొదటి వీడియో పెండ్లి. భుజం మీద పెద్ద కెమెరా, వెనకాల లైటు పట్టుకుని ఒకాయన, ఆ వేడికి పెండ్లికూతురి ముఖం మీద చెమటలు. మూడు రోజులు తీశారు. పెండ్లయిన వారం తర్వాత అక్క పుట్టింటికి వచ్చిన పూట వీడియో ఆయన క్యాసెట్టు తీసుకుని వచ్చాడు. ఇంకా పాటలు ఎక్కించలేదు, ఒకసారి చూడండి అన్నాడు. మా మిషన్లో పెట్టాం. పెండ్లి మొత్తం మాటలే. చుట్టాల పలకరింపులు, పంతులు గారి కేకలు, వంటవాళ్ల గోల, మధ్యలో అక్క నవ్వు. వాటన్నిటి మీదా మా మిషన్ మోత. 'జుయ్' మని ఒకటే ఊపు. నాయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే కుంచించుకుపోయాడు. ఆ ఆదివారం వియ్యంకుల వాళ్లు వస్తున్నారు, వీధంతా వస్తుంది, మిషన్ కొన్న హుసేన్ సాబూ వస్తాడు. వాళ్లందరి ముందర ఈ మోత.

"పాటలు ఎక్కించేయప్పా," అన్నాడు నాయన. "కొసలకా అన్నా, మొత్తానికా?" అని అడిగాడు వీడియో ఆయన. "మొత్తానికి. మొదట్నించీ చివరిదాకా నాదస్వరం, సినిమా పాటలు. ఒక్క మాట వినపడగూడదు." వీడియో ఆయన మంచివాడు, ఉన్నది చెప్పాడు. "కింద మాట చెరిగిపోతాదన్నా. మళ్లీ కావాలంటే రాదు. నాకాడ ఇదొక్కటే క్యాసెట్టు." అప్పుడు అక్క అంది. గడప మీద కూర్చుని తమలపాకులకు తొడిమలు తీస్తూ, తల ఎత్తకుండానే అంది. "ఉండనీ నాయనా. మోతున్నా ఫరవాల్యా. అందరి మాటలూ ఉండాయి గదా దాంట్లో." నాయన నవ్వుతూ ఆమె తల మీద చెయ్యి వేశాడు. "మాటలకేముందమ్మా, మనిషివి ఈడనే ఉండావు గదా. ఎప్పుడు కావాలంటే అప్పుడు మాట్లాడు, వింటాను." నేను పక్కనే ఉన్నాను. ఆ మాట ఎవరికీ తప్పుగా తోచలేదు. అక్క కూడా నవ్వి మళ్లీ ఆకుల పనిలో పడింది.

ఆదివారం నాయనకు పండగే. నాదస్వరం మోగుతుంటే మిషన్ కిక్కురుమనలేదు. తలంబ్రాల కాడ ఒక పాట, అప్పగింతల కాడ ఏడుపు పాట ఒకటి. వియ్యపురాలు కళ్లొత్తుకుంది. హుసేన్ సాబ్ లేచి నిలబడి, "మాషా అల్లా! ఏం మిషనన్నా! నా మిషన్లో పెట్టినా ఇట్లే వస్తాదా?" అన్నాడు. "ఎందుకు రాదు, రెండూ ఒకటే గదా," అన్నాడు నాయన దర్జాగా. ఆ తర్వాత మా వీధిలోనే ఇంకో రెండిళ్ల వాళ్లు నాయన మాట మీద అదే మిషన్ కొన్నారు.

అక్క అత్తగారిల్లు కడప. పెండ్లయిన రెండో ఏట ఆమెకు కామెర్లు వచ్చాయి. మొదట పసరు మందు పోయించారు, పథ్యం పెట్టారు. అప్పట్లో కామెర్లకు అందరూ చేసేది అదే, ఎవరినీ అనడానికి లేదు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. నేను ఆమెను చూడటానికి పోలేదు, పిల్లలు రాకూడదన్నారు. నాకు పరీక్షలని చెప్పి ఇంట్లో ఉంచారు. నాయన, అమ్మ పోయారు, వాళ్లిద్దరే తిరిగి వచ్చారు.

దినాలన్నీ అయిపోయినాక ఒక మధ్యాహ్నం అమ్మ అన్నతో, "ఆ క్యాసెట్టు పెట్టురా," అంది. ఎవరూ కిటికీలకు దుప్పట్లు కట్టలేదు. వెలుతురులో బొమ్మ వెలవెలబోయింది. అమ్మ దూరంగా కూర్చోలేదు. టీవీకి ఆనుకుని కూర్చుని, మాట వచ్చే చోట చెవి పెట్టింది. అక్క తెర మీద నవ్వుతోంది, ఎవరితోనో ఏదో అంటోంది, నోరు కదులుతోంది, నాదస్వరం మోగుతోంది. "ఇంకొంచెం ముందుకు పోనీ. పాటకూ పాటకూ మధ్యలో సందుంటాదేమో చూడు. యాడన్నా ఒక్క మాటైనా ఉంటాది," అంటుంది అమ్మ. అన్న వైరు రిమోట్ పట్టుకుని ముందుకూ వెనక్కూ తిప్పుతున్నాడు. సందు లేదు. వీడియో ఆయన పని వచ్చిన మనిషి, ఒక పాట అయ్యేలోపే ఇంకోటి అతికించాడు. గడప మీద కూర్చున్న నాయన లేచి చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాడు. అమ్మ ఆయనను ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయనకు కొంచెం తేలికగా ఉండేదేమో అని నాకు ఇప్పుడనిపిస్తుంది.

ఆ ఏడు వానాకాలంలో నేను నాయనకు అన్నం క్యారియరు తీసుకుని అంగడికి పోయినప్పుడు మద్దిలేటి అనే రైతు వచ్చి ఉన్నాడు. విత్తనాలు తీసుకుని, లేవబోతూ అడిగాడు. "అన్నా, పిల్లోళ్లు వీసీఆర్ కావాలని ప్రాణం తీస్తాండారు. మీ ఇంట్లోది శానా బాగుంటాదంట గదా. అదే తెచ్చుకోమంటావా?" నాయన విత్తనాల సంచి నోరు కుడుతున్నాడు. "వద్దప్పా," అన్నాడు. "ఏం, చెడిపోయినాదా?" "చెడిపోల్యా. నడుస్తాండాది." "మళ్లెందుకన్నా?" నాయన దబ్బనం పక్కన పెట్టాడు. "మాట వినపడదప్పా దాంట్లో. మొదట్నించీ వినపడదు. నేనే అబద్ధం చెప్పినా," అన్నాడు. మద్దిలేటి నా వైపు చూశాడు. నాయన కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోకుండా అట్లాగే వదిలేశాడు. ఆ తర్వాత ఆయన హుసేన్ సాబ్‌కూ, ఆ రెండిళ్ల వాళ్లకూ కూడా పోయి చెప్పాడని విన్నాను. మిషన్ అటక ఎక్కింది. విత్తనం మాత్రం ఊరు ఆయన మాట మీదే కొంటూ వచ్చింది. ఆయన భయపడినట్టు ఏమీ కాలేదు. అక్క మాట పోయింది ఆ భయానికే.

ఇప్పుడు మాటలకు కరువు లేదు. మా వదిన రోజుకు పది సార్లు ఫోనులో మాట రికార్డు చేసి పంపుతుంది. పప్పులో ఉప్పెక్కువైందని ఒకటి, మేక తప్పిపోయిందని ఒకటి, దొరికిందని ఒకటి. అవన్నీ నేను తీసేయకుండా ఉంచుకుంటాను, చూసి మా ఆయన నవ్వుతాడు. ఈ మధ్య కంప్యూటర్లు పాటనూ మాటనూ విడదీస్తున్నాయని ఎవరో చెప్పగా విని, వదిన ఆ క్యాసెట్టు నా దగ్గరికి తెచ్చింది. "కడపలో యాడన్నా చేస్తారేమో చూడు పాపా. మీ అన్న పైకి పారేయమంటాడు గానీ, నేను బస్సెక్కేటప్పుడు, వినపడితే వెంటనే ఫోన్ చేయమని చెప్పినాడు," అంది. నాకూ ఆశ పుట్టింది. ఇంత వయసులో ఇట్లాంటి ఆశ పుట్టకూడదు.

ఏడు రోడ్ల కూడలి దగ్గర పాత క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే అంగడి ఒకటుంది. అంగడాయన మా మిషన్ మూత తీసి చూసి, "దీంట్లో పెట్టొద్దు మేడమ్, బెల్టులు జిగటైపోయినాయి, టేపును నమిలేస్తాది," అని తన మిషన్లో పెట్టాడు. శానాసేపు ఏవేవో గీతలు చూసి, చెవుల మీది నుంచి హెడ్‌ఫోను తీశాడు. "పాటా మాటా కలిసుంటే విడదీయొచ్చు మేడమ్. ఇది కలపలేదు. మాటను చెరిపేసి ఆ జాగాలో పాట పెట్టినారు. కింద ఏమీ ల్యా," అన్నాడు. నేను తల ఊపాను. నలభై ఏళ్ల కిందే ఇంకొకాయన చెప్పిన మాటే ఇది. "బొమ్మ మాత్రం బాగుంది, చూస్తారా?" అన్నాడు. చూస్తానన్నాను.

చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశామో, ఈ ముక్క ఎందుకో నా కంట పడలేదు. అలంకరణ గదిలో అక్కకు జడ వేస్తున్నారు. పక్కన నేను, పూలబుట్ట పట్టుకుని ఉన్నాను. అక్క ఉన్నట్టుండి నా భుజం పట్టి దగ్గరికి లాక్కుని నా చెవిలో ఏదో చెప్పింది. ఒక్క మాట కాదు, శానాసేపే చెప్పింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని విరగబడి నవ్వుతున్నాను. మళ్లీ వేయమన్నాను. మళ్లీ వేశాడు. ఆమె పెదవులు నా చెవి చాటున ఉన్నాయి, పక్కకు కనిపించవు. ఇంకోసారి వేయమని అడగడానికి మొహమాటపడితే, అడగకముందే ఆయనే వేశాడు.

బయటికి రాగానే అన్న ఫోను. వదిన చెప్పినట్టుంది. "ఏమైంది పాపా, ఏమన్నా వినపడిందా?"

"లేదన్నా. కింద ఏమీ లేదంట."

"సరే," అన్నాడు. మళ్లీ, "అక్క కనపడిందా?" అన్నాడు.

"కనపడింది. నా చెవిలో ఏదో చెప్తాండాది. నేను నవ్వుతాండా."

"నీకే గదా చెప్పింది. ఏం చెప్పింది?"

ఆటోలు పోతున్నాయి, ఎవరో అడ్డం తప్పుకోమంటున్నారు. నాకు గుర్తు లేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు. ఆ మాటే అన్నతో చెప్పాను. అన్న ఫోను పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు.